పంట పోయి అప్పులు మీద పడ్డప్పుడు దేవుణ్ణి ఎట్లా నమ్మాలి?

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక సోదరి రాశారు. మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి పెట్టారట. ఏరే సమయానికి వానలు పడి పత్తి నల్లబడి పోయింది. విత్తనాలు, మందుల షాపులో ఉద్దెర ఖాతా అట్లాగే ఉంది. రెండు మైక్రోఫైనాన్స్ గ్రూపుల్లో కిస్తీలున్నాయి. ఊళ్లో ఒకరి దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన 60,000 ఉంది. "దేవుడు చూసుకుంటాడని అనుకుంటూనే ఉన్నాను, ఏమీ మారడం లేదు. మీకు విశ్వాసం చాలదని మా చర్చి సంఘంలో ఒకామె ముఖం మీదే అన్నది. చర్చికి ఇచ్చే దశమభాగం ఆరు నెలలది బాకీ పడ్డాను. అప్పు తెచ్చయినా ఇస్తే దేవుడు దారి తెరుస్తాడా? మా ఆయన ప్రార్థనకు రావడం మానేశాడు, రాత్రుళ్లు నిద్రపోడు, ఎవరితోనూ మాట్లాడడు. నేను నమ్మి ఊరుకోవాలా, ఏమైనా చేయాలా?" అని అడిగారు.

అమ్మా, నేను నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సంఘ కాపరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మీలాంటి ఇళ్లలో చాలాసార్లు కూర్చున్నాను. మీరు అడిగినవాటిలో అన్నిటికన్నా తొందరైనది మీ వారి సంగతి. అందుకని అది ముందు చెబుతాను.

నిద్ర పట్టకపోవడం, మాట తగ్గిపోవడం, ఇష్టంగా వెళ్లే చోటికి కూడా వెళ్లబుద్ధి కాకపోవడం. అప్పుల్లో ఉన్న రైతుకు ఇవన్నీ ఒకేసారి వస్తే, దాన్ని విశ్వాసంలో వెనకబడటం అనుకోవద్దు. అది జబ్బు కావచ్చు. ఇంట్లో గాని, చేను దగ్గర గుడిసెలో గాని మిగిలిన పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే అక్కడి నుంచి తీసేయించండి. నమ్మకమైన వాళ్లింట్లో తాళం కింద పెట్టించండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆయన్ను సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది భయపడతారు. అట్లా కాదు. అడిగితే లోపల ఉన్నది బయటికొస్తుంది, మనిషికి కొంత బరువు తగ్గుతుంది. అవునన్నాడంటే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ నంబరు, పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. తర్వాత నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. డాక్టరు మందు రాస్తే, ప్రార్థన చేస్తున్నాం కదా అని మానేయనివ్వొద్దు.

ఏలీయా ప్రవక్త కథ గుర్తు తెచ్చుకోండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసినవాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే అరణ్యంలో ఒక చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయన్ను మందలించలేదు, నీ విశ్వాసం ఎక్కడికి పోయిందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు ఆయనతో మాట్లాడింది ఈ తిండి, ఈ నిద్ర అయ్యాకనే. కాబట్టి మీ వారిని చర్చికి రమ్మని రోజూ వెంటపడకండి. వేళకు ఇంత వేడన్నం పెట్టండి. మీ సంఘంలో ఆయన వయసువాడు, ఆయనలాగే పత్తి పెట్టినవాడు ఒకరుంటారు. ఆయన్ను ఇంటికి రమ్మనండి. వాక్యం చెప్పకపోయినా ఫరవాలేదు. ఇద్దరూ చేనుకు పోయి పత్తికట్టె పీకుకుంటూ, వచ్చే వానాకాలం మళ్లీ పత్తే పెట్టాలా, కంది కలపాలా అని మాట్లాడుకుంటే చాలు.

ఇక మీకు విశ్వాసం చాలదన్న మాట. ఆమె ఏ ఉద్దేశంతో అన్నదో గాని, ఆ మాట బైబిల్‌కు సరిపోదు. వాన మీ చేను మీదే పడలేదు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా దేవుడు వాన కురిపిస్తాడని యేసు ప్రభువు చెప్పాడు. మనం ఆ మాటను ఎప్పుడూ ఆశీర్వాదంగానే చదువుతాం. పత్తి విచ్చుకున్న వారంలో కురిసే వాన కూడా అట్లాగే అందరి మీదా పడుతుంది. పౌలు తన సేవలో ఆకలిదప్పులు, చలి, ఒంటి మీద బట్ట లేకపోవడం అనుభవించానని కొరింథీయులకు రాశాడు. యెరూషలేములో పరిశుద్ధులు బీదరికంలో ఉంటే, మాసిదోనియ సంఘాలు తమకే కటిక పేదరికం ఉన్నా చందాలు కూడబెట్టి పంపాయి. ప్రకటన గ్రంథంలో ప్రభువు మెచ్చుకున్న స్ముర్న సంఘం దరిద్రంలో ఉంది. నాకేమీ కొదవ లేదని చెప్పుకున్న లవొదికయ సంఘం గద్దింపు తిన్నది.

నీతిమంతుడు విడవబడటం గాని, అతని పిల్లలు భిక్షమెత్తడం గాని నేను చూడలేదని దావీదు 37వ కీర్తనలో అన్నాడు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆ వచనం చాలా ఇళ్లలో కన్నీళ్లు పెట్టించింది, నాకు తెలుసు. కానీ ఆ దావీదే సౌలు రాజు నుంచి పారిపోతూ నోబులో యాజకుడైన అహీమెలెకు దగ్గరికి వెళ్లి, నీ దగ్గర ఐదు రొట్టెలున్నా ఇవ్వు అని చేయి చాపాడు. తన మనుషుల్ని నాబాలు అనే ధనవంతుడి దగ్గరికి పంపి, నీ చేతికి ఏది వస్తే అది ఇవ్వమని అడిగించాడు. నాబాలు తిట్టి పంపాడు. అతని భార్య అబీగయీలు రొట్టెలు, వేయించిన ధాన్యం, ఎండు ద్రాక్ష గాడిదల మీద వేసుకుని వచ్చింది. దేవుడు విడిచిపెట్టలేదని దావీదు అన్నది, అడిగే రోజు తనకు రాలేదని కాదు. అడిగిన రోజున పెట్టే చేతిని దేవుడే లేపాడని. మీరు అడగడానికి సిగ్గుపడుతున్నారని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా.

మీ పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కథ రెండవ రాజులు నాలుగో అధ్యాయంలో ఉంది, మొదటి ఏడు వచనాలే. ఈ రాత్రి నెమ్మదిగా చదవండి. ప్రవక్తల శిష్యుల్లో ఒకాయన చనిపోయాడు. ఆయన దైవభక్తి కలవాడని ఆయన భార్యే చెబుతుంది, నీకూ తెలుసు కదా అని ప్రవక్త ఎలీషాతో అంటుంది. అయినా ఆ ఇంట్లో అప్పుంది. అంటే అప్పు భక్తిలేని ఇంటికే వస్తుందన్న మాట అక్కడే పోయింది. అప్పులవాడు ఆమె ఇద్దరు పిల్లల్ని దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు.

ఆమె మొదట చేసిన పని ఏమిటంటే, నోరు తెరిచి చెప్పింది. ఎవరు వచ్చారో, ఏం పట్టుకుపోతాడో అంతా చెప్పింది. ఎలీషా ఎన్నిసార్లు ప్రార్థన చేశావని అడగలేదు. నీకు నేనేం చేయాలి, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఏమీ లేదు, నూనె కుండ ఒకటి ఉందన్నది. బయటికి పోయి ఇరుగుపొరుగు వాళ్లందరి దగ్గరా వట్టి పాత్రలు అడిగి తెచ్చుకో, కొద్దిగా కాదు, ఎక్కువే తెచ్చుకో అన్నాడు. ఇక్కడ కాసేపు ఆగండి. ఊళ్లో ప్రతి గడపకూ వెళ్లి గిన్నె అడిగిందంటే, ఆమె ఇరుకులో ఉన్న సంగతి వాడంతా తెలిసిపోయినట్టే. పరువు పోతుందని ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ నూనె పోయడానికి గిన్నె ఉండేది కాదు. పాత్రలు అయిపోయిన చోటే నూనె ఆగింది.

నూనె నిండటం గురించి మన కూడికల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఏడో వచనం గురించి వినేది తక్కువ. పాత్రలన్నీ నిండాక ఆమె సొంతంగా నిర్ణయం తీసుకోకుండా మళ్లీ వచ్చి ఆయనకు చెప్పింది. పోయి ఆ నూనె అమ్మి నీ అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు ఎలీషా. అద్భుతంగా వచ్చిన సొమ్ము ముందు అప్పులవాడికి పోయింది, తర్వాత పిల్లల తిండికి పోయింది. ప్రవక్త తన కోసం ఏమీ అడగలేదు. తర్వాతి అధ్యాయంలో, కుష్ఠు నయమైన సిరియా సేనాధిపతి నయమాను బలవంతం చేసినా కానుక తీసుకోని మనిషి ఆయన. నయమాను వెనకాల పరుగెత్తి వెండి అడిగి తెచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది.

నమ్మాలా, చేయాలా అని మీరు అడిగారు. ఆ తల్లి రెండూ ఒకే పూట చేసింది. తలుపు మూసుకుని దేవుని మాట మీద నూనె పోసింది. తలుపు తెరుచుకుని గిన్నెలు అడిగింది, బేరమాడి అమ్మింది, అప్పు కట్టింది.

అందుకని ఈ వారం మీరు ఒక నోటు పుస్తకం తీయండి. ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత, మిత్తి ఎంత, కిస్తీ ఏ తేదీ, ఏం కుదువ పెట్టాం, ఎవరు జామీను, ఏ కాగితం మీద సంతకం పెట్టాం, ఇవన్నీ వరసగా రాయండి. మీ వారికి తెలియని అప్పు మీ దగ్గర, మీకు తెలియని అప్పు ఆయన దగ్గర ఉండొచ్చు. చాలా ఇళ్లలో ఉంటుంది. రాసేటప్పుడు కోపాలు వద్దు. నూటికి మూడు రూపాయలంటే 60,000కు నెలకు 1,800, ఏడాదికి 21,600. మూడేళ్లు మిత్తి మాత్రమే కడుతూ పోతే 64,800 కట్టినట్టు, అసలు మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. కాబట్టి మొదట తీర్చాల్సింది ఇదే. మీ దగ్గర కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకోండి, సాధారణంగా నెలకు నూటికి రూపాయి లోపే పడుతుంది. మహిళా సంఘంలో ఉంటే అందులో బ్యాంకు రుణం అడగండి. ఆ డబ్బుతో ఇంకో ఖర్చు పెట్టకుండా నేరుగా మిత్తి అప్పు తీర్చి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చించేయండి.

షాపు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. సంఘ పెద్దనో, చదువుకున్న బంధువునో వెంట తీసుకెళ్లి ఖాతా కాగితం మీద రాయించుకోండి. ఏ మందు ఎంతకు ఇచ్చారు, మిత్తి ఏ రోజు నుంచి వేశారు, అన్నీ విడిగా రాయించండి. ఖాళీ నోటు మీద సంతకం ఎవరు అడిగినా పెట్టొద్దు. భూమి ఆసామిని కౌలు తగ్గించమని అడగండి. పంట పోయిన ఏడాది చాలామంది ఎంతో కొంత తగ్గిస్తారు. అడగకపోతే ఎవరూ తగ్గించరు.

మైక్రోఫైనాన్స్ మీటింగ్ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున్నే ఎవరింటి వాకిట్లోనో ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. సార్ ట్యాబ్ తీసి పేర్లు పిలుస్తాడు. ఒక్కరు కట్టకపోతే మిగతావాళ్లను లేవనివ్వడు. పొయ్యి మీద అన్నం, బడికి వెళ్లే పిల్లలు, కూలికి పోయే టైము, అన్నీ గుర్తొచ్చి చివరికి పక్కవాళ్లే తలా ఇంత వేసి కట్టేస్తారు. ఆ తర్వాత వాళ్లు అనే మాటలు అప్పుకన్నా ఎక్కువ కాలుస్తాయి. సామెతల గ్రంథం ఆరో అధ్యాయంలో జామీను పడినవాడు నిద్రపోకుండా వెంటనే వెళ్లి పొరుగువాణ్ణి బతిమాలుకోవాలని ఉంది. మీకు అది ఇట్లా పనికొస్తుంది: కిస్తీ రోజు దాకా ఆగకుండా, రెండు మూడు రోజుల ముందే గ్రూపు వాళ్లింటికి వెళ్లి ఉన్న సంగతి చెప్పండి. ముందే చెప్పినవాళ్ల మీద కోపం తక్కువ ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనలూ తెలుసుకోండి. ఇంటి మీద ఉన్న అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా కట్టేస్తే జరిమానా వేయకూడదు. వసూలు కోసం పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు. ఇవి చెబితే తెల్లారి అన్నీ మారిపోవు. కానీ తెలిసిన మనిషితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, రెండు గ్రూపుల కిస్తీలు కట్టడానికి మూడో గ్రూపులో చేరొద్దు.

ఒక మాట సంఘాల్లో ఉన్నవాళ్లకు కూడా చెప్పాలి. నెహెమ్యా ఐదో అధ్యాయంలో జనం ఏడ్చింది పరాయివాళ్ల మీద కాదు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టాం, మా బిడ్డల్ని దాసులుగా ఇవ్వాల్సి వస్తోంది అని తమ సొంత సహోదరుల మీదే మొరపెట్టుకున్నారు. నెహెమ్యా పెద్దల్ని నిలబెట్టి, పొలాలు, మిత్తి వాపసు ఇప్పించాడు, యాజకుల ముందు ప్రమాణం చేయించాడు. ఆదివారం ముందు వరసలో కూర్చుని, సోమవారం తోటి విశ్వాసికి నూటికి ఐదు రూపాయలకు ఇచ్చేవాళ్లు ఉంటే, ఆ సంఘపు పెద్దలు ఈ అధ్యాయం వాళ్లతో కూర్చుని చదవాలి.

ప్రభుత్వం ఇచ్చేది తీసుకోవడానికి వెనకాడకండి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యం కార్డులో ఉన్న మనిషికి 6 కిలోలు వస్తుంది. మీ ఇంట్లో ఎవరి పేరైనా కార్డులో లేకపోతే అది చేర్పించడం ఈ నెల పని. ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. ఆసుపత్రి కోసం మళ్లీ మిత్తికి తేవాల్సిన పని లేకుండా అడిగి తెలుసుకోండి. పిల్లల ఫీజు బరువైతే గురుకులం ప్రవేశ పరీక్ష రాయించండి. ఇవన్నీ లోకపు సహాయం అని కొందరు చిన్నచూపు చూస్తారు. కెరీతు వాగు దగ్గర ఏలీయాకు రొట్టె తెచ్చింది కాకులు. ధర్మశాస్త్రం ప్రకారం కాకి అపవిత్రమైన పక్షి. అయినా అవి తెచ్చింది ఆయన తిన్నాడు.

దశమభాగం సంగతి సూటిగా చెబుతాను. అప్పు తెచ్చి ఇవ్వొద్దు. దశమభాగమంటే వచ్చినదానిలో పదో వంతు. మీకు పంట రాలేదు, పెట్టుబడి కూడా పోయింది. రానిదాని మీద బాకీ లేదు. ఆరు నెలలు లెక్కపెట్టి మనసు నలుపుకోకండి. ఉన్నదాన్నిబట్టి ఇస్తే అంగీకారం, లేనిదాన్నిబట్టి కాదు అని పౌలు రెండవ కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో రాశాడు. మలాకీ మూడో అధ్యాయం మీకు వినిపించి ఉంటారు, పదో భాగం తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను అని. దానితోపాటు ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివరి వచనాలు చదవండి. మూడేళ్లకొకసారి ఆ పదో భాగం ఊళ్లోనే ఉంచాలి, లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాళ్లు వచ్చి తిని తృప్తిపడాలి అని ఉంది. ఈ ఏడాది మీరు ఆ పదో భాగం పంచే చోట ఇచ్చేవాళ్ల వరసలో కాకుండా తినేవాళ్ల వరసలో ఉన్నారు. ఆ వరస కూడా దేవుడు పెట్టిందే.

బీద విధవరాలు రెండు కాసులు వేసింది కదా అంటారు. మార్కు 12లో దానికి సరిగ్గా ముందు వచనం చూడండి. విధవరాళ్ల ఇళ్లు దిగమింగుతూ పొడుగు ప్రార్థనలు చేసే శాస్త్రుల్ని ప్రభువు ఖండించాడు. ఆ వెంటనే ఆ తల్లి కనిపించింది. ఆమె ప్రేమను ఆయన మెచ్చుకున్నాడు. ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లను వదిలిపెట్టలేదు. ఆమె వేసినవి కూడా తన సొంత కాసులు, మిత్తికి తెచ్చినవి కావు. టీవీలో, యూట్యూబ్‌లో ఫోన్ నంబరు చూపిస్తూ, విత్తన కానుక పంపండి, వందంతలు వస్తుంది అనేవాళ్లకు ఒక్క రూపాయి పంపొద్దు. మీకు ఇవ్వాలనే మనసుంటే ఒక పూట చర్చి ఊడ్చి రండి. లేదంటే ఇంటి ముందు కాసిన సొరకాయ ఒకటి తీసుకెళ్లండి.

జార్జ్ ముల్లర్ పేరు కూడా ఈ విషయంలో తరచుగా వినపడుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వేలమంది అనాథ పిల్లల్ని ఎవరినీ డబ్బు అడగకుండా ప్రార్థనతోనే పోషించాడని చెబుతారు. అది నిజమే. చెప్పకుండా వదిలేసేది ఇంకొకటి ఉంది. ఆయన ఉద్దెర కొనేవాడు కాదు, అప్పు చేసేవాడు కాదు. వచ్చిన ప్రతి పైసాకూ లెక్క రాసి ఏటా అచ్చు వేయించేవాడు. విశ్వాసంతో అప్పు చేశాను, దేవుడు తీరుస్తాడు అనేవాళ్లు ఆయన పేరు చెప్పుకోవడం న్యాయం కాదు.

ఇప్పుడు మీ సంఘం. మీ పాస్టర్ గారికి, ఒకరిద్దరు పెద్దలకు ఆ నోటు పుస్తకం చూపించండి. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చింది. అపొస్తలులు వాళ్లను ప్రార్థన చేసుకోమని పంపేయలేదు. ఏడుగురు మనుషుల్ని ఏర్పాటు చేశారు. ఆకలితో ఉన్న సహోదరుడితో సమాధానంగా వెళ్లు, వెచ్చగా ఉండు అని చెప్పి చేతిలో ఏమీ పెట్టకపోతే ఏం ప్రయోజనం అని యాకోబు అడిగింది సంఘాన్నే.

మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి చర్చిలో సంచిలో పోస్తారు. మిజోరాంలో 1910 నుంచి ఇట్లా చేస్తూ సంఘాల్ని నడిపించుకున్నారు. మా దగ్గర స్త్రీల సమాజం వాళ్లు ఆ సంచిని కొలిచి అవసరమున్న ఇంటికి చేరుస్తారు. ఒకరు సోనామసూరి పోస్తారు, ఒకరు రేషన్ బియ్యం పోస్తారు, ఒకరి దగ్గర నూకలే ఉంటాయి, అవే పోస్తారు. అన్నీ కలిసిన బియ్యం సరిగ్గా ఉడకదు. కొన్ని మెతుకులు మెత్తగా అయిపోతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. ఆ అన్నం తిన్న పిల్లలు డిగ్రీ చదివి ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్ల తల్లులు ఇప్పుడు అదే సంచిలో పోస్తున్నారు. మీ సంఘంలో ఈ పద్ధతి ఆగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టమని అడగండి. మీకు వస్తే తీసుకోండి.

కరువులో సంఘం ఎట్లా నిలబడాలో మన తెలుగువాళ్ల చరిత్రలోనే ఒక సంగతి ఉంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో, ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా మాదిగలకు, పని కల్పించాడు. కూలి ఇచ్చాడు, తిండి గడిచేలా చూశాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా వచ్చినా ఆయన ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గి సహాయం ఆగాక కూడా వాళ్లు అదే మాట మీద నిలబడ్డారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ పరిస్థితికి దీనితో సంబంధం ఉంది. అన్నం పెట్టేటప్పుడు విశ్వాసాన్ని కొలవకూడదు. మీకు సహాయం చేసే ముందు ఎవరైనా మీ విశ్వాసం ఎంతని ప్రశ్నిస్తే, మీరు జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఇవన్నీ చేసినా కొన్నాళ్లు ఇల్లు ఇరుకుగానే ఉంటుంది, అది దాచను. ఒక పంట నష్టం తేరుకోవడానికి రెండు మూడు పంటలు పడుతుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా అనే ఆహారం ఏ రోజుది ఆ రోజే కురిసింది, మిగిల్చుకుంటే పురుగు పట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా మా అనుదినాహారము నేడు దయచేయుము అనే ఉంది, వచ్చే ఏడాది సంగతి లేదు. కాబట్టి పెద్ద పెద్ద మాటలతో ప్రార్థన చేయకండి. నోటు పుస్తకం ముందు పెట్టుకుని, ప్రభువా, గురువారం 1,150 కట్టాలి, నా దగ్గర 400 ఉంది, షాపతను రేపు వస్తానన్నాడు, నోట మంచి మాట వచ్చేలా చేయి, అని అంకెలతో సహా చెప్పండి. ఏడుపు వస్తే ఏడవండి. హబక్కూకు ప్రవక్త, అంజూరపు చెట్టు పూయకపోయినా, చేలో పైరు లేకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అన్నాడు. ఆ మాటకు ముందు వచనంలోనే, నా లోపల వణుకు పుట్టింది, నా పెదవులు అదిరాయి అని కూడా చెప్పాడు. మా నల్లగొండలో బోర్లు ఎండిపోయి ఏళ్లు పెంచిన బత్తాయి తోటలు కొట్టేసుకున్న రైతులు ఉన్నారు. వాళ్లలో కొందరు ఆ అధ్యాయం చదవడం విన్నాను. వణుకుతోనే చదివారు.

సంఘంలో ఎప్పుడైనా సాక్ష్యం చెప్పమని అడిగితే, అప్పంతా తీరేదాకా ఆగకండి. మిత్తి అప్పు సగం తగ్గిందనో, మీ వారు రాత్రి నాలుగు గంటలు నిద్రపోయారనో, ఆ వారం ఏది జరిగితే అది చెప్పండి. ఇంకా ఎంత కట్టాలో అది కూడా చెప్పండి. ఆ కూడికలో ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్న ఇంకో ఇల్లాలు ఉంటుంది, ఆమె తర్వాత మీ దగ్గరికి వచ్చి మాట్లాడుతుంది. అప్పుడు ఆమె కోసం ఒక నోటు పుస్తకం కొనండి.